బ్రెయిన్‌హెచ్‌క్యూ సమీక్ష: వైరస్ జబ్బు తర్వాత మసకబారిన మెదడుకి ఈ కసరత్తు ఎంతవరకు పనికొస్తుంది?

జ్వరం తగ్గింది, రిపోర్టులన్నీ మామూలుగానే వచ్చాయి. అయినా పేజీ చివరికి వచ్చేసరికి పై పేరాలో ఏం చదివామో గుర్తుండదు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా బుర్రకెక్కదు. తెలిసిన పేరే నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. బ్రెయిన్ ఫాగ్ అనే మాట కోవిడ్ తర్వాత అందరికీ తెలిసింది గానీ, ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకినవాళ్లలోనూ, గట్టి ఫ్లూ వచ్చి తగ్గినవాళ్లలోనూ ఈ బాధ డాక్టర్లు చాలాకాలంగా చూస్తున్నదే.

ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకి ఎక్కువగా వినిపించే సలహా, కంప్యూటర్ మీద మెదడుకి కసరత్తు చేయించమని. అందులో తరచూ వినిపించే పేరు బ్రెయిన్‌హెచ్‌క్యూ. తయారుచేసింది పాజిట్ సైన్స్ అనే అమెరికా సంస్థ. దాని వ్యవస్థాపకుల్లో మైకేల్ మెర్జెనిక్ ఒకరు. పెద్దయ్యాక కూడా మెదడు తన తీగలు తాను మార్చుకోగలదని చూపించిన పరిశోధకుల్లో ఆయనది పెద్ద పేరు, 2016లో కావ్లీ బహుమతి కూడా అందుకున్నారు. అంటే ఇది ఎవరో సరదాకి రాసిన ఆటల యాప్ కాదు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పనిముట్టు మంచిదే. కానీ మీ హద్దు ఎక్కడుందో వెతికి, సరిగ్గా అక్కడే మిమ్మల్ని నిలబెట్టేలా దాన్ని తయారుచేశారు. వైరస్ తర్వాత అలసిన శరీరమేమో హద్దుకి చాలా ఇవతలే ఆగమంటుంది. ఈ రెండింటికీ మధ్య బ్రేకు వేయాల్సింది మీరే. మర్నాడు మీరు మంచం దిగగలిగారో లేదో ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారి లేదు. అందుకే ఈ సమీక్షలో ఆటల గురించి ఎంత చెబుతామో, ఆ బ్రేకు గురించి అంతకన్నా ఎక్కువ చెబుతాం.

లోపల ఏముంది

ఎక్సర్‌సైజులు రెండు డజన్లకు పైనే ఉన్నాయి. ఏకాగ్రత, ఆలోచనా వేగం, జ్ఞాపకశక్తి, మనుషుల ముఖాలూ భావాలూ గుర్తుపట్టడం, తర్కం, దారి తెలుసుకోవడం అని వాటిని విడగొట్టారు. ఒక్కో లెవెల్ రెండు నిమిషాల దగ్గర ముగుస్తుంది. జబ్బునుంచి లేచినవాళ్లకి ఇది చాలా పెద్ద వెసులుబాటు, ఎందుకంటే ఎక్కడ ఆపాలన్నా ఓ గట్టు దగ్గర్లోనే ఉంటుంది. అరగంట ఏకధాటిగా కూర్చోబెట్టే ప్రోగ్రాముల్లో అది దొరకదు. రోజుకో ఎక్సర్‌సైజు ఉచితంగా ఆడుకోవచ్చు, మిగతావాటికి చందా కట్టాలి.

అన్నింటిలోకీ ముఖ్యమైనది డబుల్ డెసిషన్. తెర మధ్యలో ఒక వాహనం, అంచుల్లో ఎక్కడో ఒక రోడ్డు గుర్తు ఒక్క క్షణం మెరిసి మాయమవుతాయి. రెండు వాహనాల్లో కనిపించింది ఏదో, గుర్తు ఏ దిక్కున వచ్చిందో చెప్పాలి. సరిగ్గా చెబుతున్నకొద్దీ ఆ మెరుపు కాలం తగ్గిపోతుంది. లెవెల్ పెరిగేకొద్దీ వాహనాలు ఒకదాన్నొకటి పోలుతాయి, వెనక దృశ్యం గజిబిజి అవుతుంది, దారి తప్పించే బొమ్మలు ఎక్కువవుతాయి. ఒక్క చూపులో ఎంత మేర పట్టుకోగలమన్నదే ఇక్కడి పరీక్ష. బ్రెయిన్ ఫాగ్ ఉన్నవాళ్లు ఎక్కువగా చెప్పే ‘అంతా ఒక్క క్షణం ఆలస్యంగా తెలుస్తోంది’ అనే ఇబ్బందికి దగ్గరగా ఉండే ఎక్సర్‌సైజు ఇదే.

హాక్ ఐలో పక్షుల గుంపు మెరుస్తుంది, అందులో ఒకటి తేడాగా ఉంటుంది, అది ఎక్కడుందో చెప్పాలి. సౌండ్ స్వీప్స్‌లో రెండు శబ్దాలు వినిపిస్తాయి, ఒక్కోటి పైకి లేచిందా కిందికి దిగిందా అన్నది వరసగా చెప్పాలి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వచ్చే బొమ్మలన్నింటికీ బటన్ నొక్కుతూ, ముందే చూపించిన ఒక్క బొమ్మ వచ్చినప్పుడు మాత్రం వేలు ఆపుకోవాలి. టార్గెట్ ట్రాకర్‌లో ఒకేలా ఉండి కదిలే వాటిలో కొన్నింటిని కంటితో వెంటాడాలి. టు-డూ లిస్ట్ ట్రైనింగ్‌లో చెప్పిన పనులు విని, అదే వరసలో చేయాలి.

అన్నింటి వెనకా ఉన్నది మెట్ల పద్ధతే. సరిగ్గా చెబుతుంటే కష్టం పెరుగుతుంది, తప్పితే సులువవుతుంది. ఇంద్రియ పరీక్షల్లో బాగా వాడే సూత్రం ఒకటుంది: వరసగా మూడు ఒప్పులైతే కష్టం పెంచు, ఒక్క తప్పయితే తగ్గించు. దాన్ని అలా నడవనిస్తే మనిషి 79 శాతం ఒప్పుల దగ్గర స్థిరపడతాడు. అంటే ఎంత మెరుగుపడినా అయిదింట ఒకటి తప్పుతూనే ఉంటుంది. ఇది తెలియనివాళ్లు ‘నేనెప్పుడూ తప్పులే చేస్తున్నాను’ అని కుంగిపోతారు. ఆ తప్పులు మీ మెదడు లోపం కాదు, మీటరు సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. ఇలాంటి అడాప్టివ్ ఎక్సర్‌సైజు ఏది ఆడినా ఈ మాట మనసులో ఉంచుకోండి.

అసలు తంటా కూడా ఇక్కడే ఉంది. ఆరోగ్యవంతుడికి ఆ హద్దు మీద నిలబడటమే కసరత్తు. వైరస్ తర్వాత అలసట ఉన్నవాడికి అదే అరువు సొమ్ము, వడ్డీతో కట్టించుకుంటుంది.

శ్రమ తర్వాత పడే దెబ్బ

శ్రమకి మించి లక్షణాలు ముదరడాన్ని వైద్యంలో పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు. వ్యాయామం చేస్తేనే వస్తుందని చాలామంది అనుకుంటారు, కానీ మెదడు శ్రమకీ వస్తుంది. పైగా వెంటనే రాదు. పన్నెండు గంటల తర్వాత మొదలై రెండు రోజుల్లోపు ఎప్పుడైనా విరుచుకుపడవచ్చు, రోజులూ వారాలూ ఉండిపోవచ్చు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ (ఏళ్ల తరబడి వదలని అలసట జబ్బు) మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు, స్థిరంగా పెంచుకుంటూ పోయే వ్యాయామ చికిత్సను తీసేసి, ఉన్న శక్తిలోనే సర్దుకునే పద్ధతికి పెద్దపీట వేసింది ఇందుకే. శరీరానికి వర్తించిన ఆ జాగ్రత్త మెదడు కసరత్తుకీ వర్తిస్తుంది.

ఆలస్యంగా పడే దెబ్బకి ఇంకో చిక్కుంది. సోమవారం ఆడారు, మంగళవారం ఆడారు, బుధవారం కూలబడ్డారు. తప్పు సోమవారానిదా మంగళవారానిదా? చెప్పలేం. అందుకే మొదటి నెల రోజూ ఆడొద్దు. వారానికి రెండే సెషన్లు, మధ్యలో కనీసం రెండు పూర్తి రోజుల ఖాళీ. సోమ, గురువారాలు అనుకుంటే చాలు. అప్పుడే ఏ సెషన్ ఏం చేసిందో విడిగా కనిపిస్తుంది.

డోసు: ఎంతతో మొదలెట్టాలి, ఎలా పెంచాలి

మొదటి రెండు వారాలు ఏమీ ఆడకండి, డైరీ మాత్రం రాయండి. ఉదయం లేవగానే అలసటకి, మసకకి, నిద్రకి సున్నా నుంచి పది వరకు ఒక్కో అంకె. రాత్రి మళ్లీ ఒకసారి. ఈ రెండు వారాల అంకెలే మీ కొలబద్ద. ఇవి లేకుండా మొదలెడితే తర్వాత వచ్చే మంచికీ చెడుకీ పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. చాలామంది దాటేసే మెట్టు ఇదే, తర్వాత అందరూ నాలుక కరుచుకునేదీ ఇక్కడే.

రెండు వారాల్లో అంకెలు బాగా ఎగుడుదిగుడుగా ఉంటే ఇంకా సమయం కాలేదని అర్థం. ముందు విశ్రాంతి, నిద్ర, రోజువారీ పనుల మోతాదు సర్దుకోవాలి.

అంకెలు నిలకడగా ఉంటే మూడో వారంలో మొదలెట్టండి. సెషన్‌కి రెండు లెవెల్స్ చాలు, మొత్తం అయిదు నిమిషాల లోపు. రెండింటి మధ్య రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోవాలి, ఆ విరామంలో ఫోన్ చూడకూడదు. సెషన్ అయ్యాక అదే సాయంత్రం, మర్నాడు ఉదయం, ఎల్లుండి ఉదయం అంకెలు వేయండి. మూడూ మీ కొలబద్దకి ఒక అంకె అటూఇటూగా ఉంటే ఆ డోసు పట్టినట్టు. రెండు వారాలు వరసగా పడితే ఒక లెవెల్ పెంచండి. ఒక్క లెవెలే. వారంలో రోజులూ సెషన్ నిడివీ ఒకేసారి ఎప్పుడూ పెంచొద్దు, దెబ్బతింటే దేనివల్లో తెలియదు.

అంకె మీ కొలబద్ద నుంచి చెడువైపుకి రెండుకి మించి జరిగితే పూర్తిగా ఆపి, పాత స్థాయికి వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత డోసు సగానికి తగ్గించి మొదలెట్టండి. ‘మొన్నటిదాకా పది నిమిషాలు ఆడాను కదా’ అని అక్కడినుంచే మొదలెడితే కథ మొదటికొస్తుంది.

పైహద్దు కూడా చెప్పాలి. శ్రమ తర్వాత దెబ్బ పడే స్వభావం ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలు దాటాల్సిన పనే లేదని మా అభిప్రాయం. అది కూడా నెలల మీద చేరాల్సిన మాట. ఆ స్వభావం లేని, మిగతా అలసట కూడా తగ్గిపోయి మతిమరుపొక్కటే మిగిలినవాళ్లు అరగంట వరకు వెళ్లవచ్చు.

సెషన్ మధ్యలోనే ఆపేయాల్సిన గుర్తులూ ఉన్నాయి. ఒకే ఎక్సర్‌సైజులో మొదటి లెవెల్ కన్నా తర్వాతి రెండు వరసగా నాసిగా వస్తే మెదడు అలసిపోయినట్టే, ఇంకా ఆడితే నేర్చుకునేది ఏమీ ఉండదు. తెర మీది సూచన మూడోసారి చదవాల్సి వచ్చినా, కనుగుడ్ల వెనక నొప్పి మొదలైనా, మామూలు శబ్దాలు చెవికి గుచ్చుకుంటున్నా, మాట తడబడుతున్నా అక్కడికక్కడే మూసేయండి. సగం లెవెల్ మిగిలిపోతే మిగలనివ్వండి.

వేళ సంగతి. రోజులో మీకు బుర్ర బాగా పనిచేసే గంట ఏదో డైరీయే చెబుతుంది. దాంట్లో సగం ఆటకి ఇవ్వొద్దు. ఆ గంట బతుకులో అత్యవసరమైన పనికి వెళ్లాలి, దాని అంచున మిగిలిన కాసేపే దీనికి. సాయంత్రం చీకటిపడ్డాక మాత్రం వద్దు. వేగం మీద నడిచే ఆటలు ఒంటిని ఉద్రేకపరుస్తాయి, నిద్ర చెదిరితే మర్నాటి మసక రెట్టింపవుతుంది, ఆ నింద ఆట మీదికి వెళ్తుంది.

తెర, హెడ్‌ఫోన్లు, కూర్చునే తీరు

ఈ విషయాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ స్కోరును తలకిందులు చేసేది ఇవే. డబుల్ డెసిషన్‌లో అంచుల్లోని గుర్తును పట్టుకోవడమే పని కాబట్టి, తెర కంటికి ఎంత కోణం ఆక్రమించిందన్నది ముఖ్యం. ఫోన్‌లో ఆ అంచు కూడా చూపు మధ్యలోనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో వచ్చిన స్కోరును ల్యాప్‌టాప్ స్కోరుతో పోల్చకూడదు. ఒక పరికరం ఎంచుకుని, దాన్ని చాచిన చేతికి దాదాపు అందేంత దూరంలో, అంటే 50 సెంటీమీటర్ల దగ్గర పెట్టి, ప్రతిసారీ అక్కడే ఆడండి. నాలుగు వారాలు టాబ్లెట్‌లో ఆడి అయిదో వారం ఫోన్‌కి మారి, ‘ఒక్కసారిగా మెరుగయ్యాను’ అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

మిల్లీసెకన్ల లెక్కలోనూ ఒక కిటుకు ఉంది. మామూలు తెర సెకనుకి 60 సార్లు మారుతుంది. ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, అంతకన్నా తక్కువసేపు ఏ బొమ్మనూ ఆ తెర చూపించలేదు. కాబట్టి చాలా తక్కువ అంకెల దగ్గర రెండు మూడు మిల్లీసెకన్ల తేడాకి అర్థం లేదు. వందల్లోంచి పదుల్లోకి రావడం చూడాలి గానీ, చివరి అంకె కోసం పాకులాడటం శక్తి దండగ.

వెలుతురు పడనివాళ్లు గదిలో దీపం వేసుకుని తెర కాంతి దానికి సరిపడా తగ్గించుకోవాలి. చీకటి గదిలో వెలిగే తెరే కళ్లకి ఎక్కువ భారం. శబ్దం ఎక్సర్‌సైజులకి హెడ్‌ఫోన్లు తప్పనిసరి, వాల్యూమ్ మాత్రం స్పష్టంగా వినిపించే అతి తక్కువ స్థాయిలో ఉంచాలి. శబ్దాలకి చెవులు మరీ సున్నితమైపోయిన దశలో సౌండ్ స్వీప్స్ జోలికే వెళ్లొద్దు.

నిలబడగానే గుండె దడదడలాడి తల తేలిపోయేవాళ్ల మాట వేరే చెప్పాలి. వైరస్ తర్వాత పాట్స్ అనే స్థితి కొందరిలో కనిపిస్తుంది. పెద్దవాళ్లలో లేచిన పది నిమిషాల్లోపు నాడి మామూలుకన్నా నిమిషానికి కనీసం 30 సార్లు ఎక్కువగా కొట్టుకుని, రక్తపోటు మాత్రం పెద్దగా పడిపోకుండా ఉండటం దాని ముఖ్య లక్షణం. వీళ్లు కాళ్లు వేలాడేసి నిటారుగా కూర్చుంటే మెదడుకి రక్తం సరిగ్గా అందదు, ఆట మొదలెట్టకముందే సగం మసక. వెనక్కి ఒరిగి, కాళ్లు ఎత్తిపెట్టుకుని, టాబ్లెట్‌ను స్టాండు మీద పెట్టుకుని ఆడితే అదే మనిషి స్కోరు వేరుగా ఉంటుంది. ఆ తేడా కనిపిస్తే అది డాక్టర్‌కి చెప్పాల్సిన సమాచారం కూడా.

రుజువులు ఏమంటున్నాయి

ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడాలి. లాంగ్ కోవిడ్ మసక మీదే పరీక్షించిన పెద్ద అధ్యయనం రికవర్-న్యూరో. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ డబ్బుతో 22 కేంద్రాల్లో, 328 మందితో, పది వారాలు నడిచింది. అయిదు గుంపులు: బ్రెయిన్‌హెచ్‌క్యూ ఒక్కటే, దానికి తోడు లక్ష్యాల మీద మనసు నిలపడం నేర్పే గ్రూపు శిక్షణ, బ్రెయిన్‌హెచ్‌క్యూకి తోడు తల మీదినుంచి అతి స్వల్ప విద్యుత్తు, బ్రెయిన్‌హెచ్‌క్యూతోపాటు అదే విద్యుత్తు ఉత్తుత్తిగా, చివరిది మామూలు పజిళ్లూ ఆటలూ. ఫలితాలు 2025లో ప్రచురించారు. అన్ని గుంపుల్లోనూ మనుషులు ఎంతోకొంత మెరుగయ్యారు, కానీ ఏ గుంపూ మరోదాన్ని మించలేదు. అంటే మామూలు పజిళ్లు ఆడినవాళ్ల కన్నా, ఈ ప్రత్యేక ఎక్సర్‌సైజులు ఆడినవాళ్లు తమ రోజువారీ ఇబ్బంది ఎక్కువగా తగ్గిందని చెప్పలేదు.

దీన్ని ‘పనికిరాదు’ అని చదవడం తొందరపాటు, ‘అందరూ మెరుగయ్యారు కాబట్టి పనిచేసింది’ అని చదవడం అంతకన్నా తప్పు. కాలమే తెచ్చిన మెరుగు, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం, మళ్లీ మళ్లీ పరీక్ష రాయడం వల్ల వచ్చిన అలవాటు, ఇవన్నీ అన్ని గుంపుల్లోనూ ఉంటాయి. ఆపైన ఈ సాఫ్ట్‌వేర్ తనదంటూ చేర్చింది కనిపించలేదు. కొనేముందు ఈ ముక్క తెలిసి ఉండాలి.

ఉత్పత్తికి మంచిపేరు తెచ్చింది ఇంకో అధ్యయనం, యాక్టివ్ అంటారు. 65 ఏళ్లూ ఆపైన ఉన్న 2,832 మందిని తీసుకుని, మూడు గుంపులకి జ్ఞాపకశక్తి, తర్కం, వేగం ఒక్కోటి చొప్పున గంటకి పైగా సాగే పది సెషన్లలో నేర్పి, నాలుగో గుంపుకి ఏమీ నేర్పకుండా, ఏళ్ల తరబడి చూశారు. 2014లో వచ్చిన పదేళ్ల ఫలితాల్లో, తర్కం, వేగం నేర్చుకున్నవాళ్లకి ఆ నైపుణ్యం మిగిలింది, జ్ఞాపకశక్తి శిక్షణ మాత్రం నిలవలేదు. డబుల్ డెసిషన్ పుట్టింది ఆ వేగం శిక్షణలోంచే. కానీ వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు. వైరస్ తర్వాత కూలబడినవాళ్ల మీద ఆ ఫలితాన్ని అతికించడం కుదరదు. ప్రకటనల్లో ‘వంద పైచిలుకు అధ్యయనాలు’ లాంటి మాట కనిపిస్తే, అందులో మీలాంటి రోగులు ఎంతమంది అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆడిన ఆటలో నైపుణ్యం పెరిగితే బతుకులో కూడా పెరుగుతుందా? ఈ రంగం మొత్తానికీ పాత పేచీ ఇదే. 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 11,430 మంది ఆరు వారాలు ఆన్‌లైన్‌లో మెదడు ఆటలు ఆడారు. ఆడిన ఆటల్లో బాగుపడ్డారు, ఆడని పరీక్షలకి ఆ బాగు చేరలేదు. 2016లో ఇలాంటి మెదడు ఆటలే అమ్మే లుమోసిటీ కంపెనీ, తన ప్రకటనల్లో రుజువు లేని హామీలు ఇచ్చిందన్న ఆరోపణ మీద, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడి 20 లక్షల డాలర్లు కట్టింది.

మెరుగయ్యారో లేదో ఎలా తెలుసుకోవాలి

ఆట ఇచ్చే నక్షత్రాలూ శాతాలూ చూసి కాదు. మొదటి రెండు మూడు వారాల్లో స్కోరు ఎగబాకడం దాదాపు అందరికీ జరుగుతుంది. అది ఆట తీరు అలవాటు కావడం, అంతే. బతుకులోంచి మూడు పనులు ఎంచుకోండి. ఒకటి, కొత్త విషయం మీద రెండు పేజీలు చదివి, పుస్తకం మూసి, గుర్తున్న అంశాలు రాయడం. రెండు, పది నిమిషాల ఫోన్ సంభాషణ అయ్యాక ఏం మాట్లాడుకున్నారో రాసి, అవతలివాళ్లతో సరిచూసుకోవడం. మూడు, అలవాటైన ఏదైనా లెక్క లేదా ఫారం పని ఎంతసేపట్లో, ఎన్ని తప్పులతో పూర్తయిందో చూడటం. రెండు వారాలకోసారి, ఒకే వేళలో, కొత్త పేజీలతో చేయండి. పది వారాలకి ఈ మూడింటిలో ఒక్కటీ కదలకపోతే, ఆటలో మీరు ఎంత పైకెక్కినా ఆ చందా మీకు పనిచేయట్లేదు.

క్లినిక్‌లో పెట్టే మోకా పరీక్ష సంగతీ చెప్పాలి. 30 మార్కుల ఆ పరీక్ష డిమెన్షియా తొలిదశ పట్టుకోవడానికి తయారైంది. చదువుకున్న, మధ్యవయసు మనిషి మసకలో ఉండి కూడా 28 తెచ్చుకోగలడు. ‘మోకా బాగుంది కాబట్టి మీకేమీ లేదు’ అన్న మాటతో ఆగిపోకండి. వేగాన్నీ నిలకడైన ఏకాగ్రతనీ కొలిచే వివరమైన న్యూరోసైకాలజీ పరీక్షలు అడగండి.

ఎక్కడ బెడిసికొడుతుంది

అన్నిటికన్నా ముందు రిమైండర్లూ, వరస రోజుల లెక్కలూ. ‘ఈ వారం లక్ష్యం ఇంకా మిగిలింది’ అన్న చిన్న సందేశమే, ఒంట్లో బాగోలేని రోజున మనిషిని తెర ముందు కూర్చోబెడుతుంది. ఖాతా తెరిచిన మొదటి రోజే వాటిని ఆపేయండి.

రెండోది ఇంట్లోవాళ్ల ఆరాటం. ‘కాసేపు ఎక్కువ ఆడితే తొందరగా తగ్గుతుంది కదా’ అన్నది ప్రేమతో అనే మాటే, కానీ ఈ జబ్బులో అది తిరగబడే మాట. ఆపమని చెప్పే పని ఇంట్లో ఒకరికి అప్పగించండి, ఆడమని చెప్పే పని ఎవరికీ వద్దు. మాట తడబడటం, ముఖం పాలిపోవడం వాళ్లకే ముందు కనిపిస్తాయి.

మూడోది, మాటల మీద నడిచే ఎక్సర్‌సైజులు మీ సొంత భాషలో లేకపోతే వాటిని వదిలేయడం మేలు. రెండో భాషలో అక్షరధ్వనులు విడదీసుకోవడానికే శ్రమ అంతా పోతుంది, స్కోరు మీ జ్ఞాపకశక్తిని కాకుండా ఆ భాష మీద మీ పట్టును కొలుస్తుంది. హాక్ ఐ, డబుల్ డెసిషన్, ఫ్రీజ్ ఫ్రేమ్‌లకి ఈ బాధ లేదు. మొదలెట్టేవాళ్లకి మేం చెప్పే వరస కూడా అదే: ముందు హాక్ ఐ, అది పడితే డబుల్ డెసిషన్, ఆ తర్వాతే ఫ్రీజ్ ఫ్రేమ్. టార్గెట్ ట్రాకర్ కదిలే బొమ్మల ఆట కాబట్టి తల తిరిగే లక్షణం ఉన్నవాళ్లకి పడదు.

ఇక చందా. శరీరానికి పడుతుందో లేదో తెలియకముందే ఏడాదిది కట్టొద్దు. మొదటి నెలకి రోజువారీ ఉచిత ఎక్సర్‌సైజే సరిపోతుంది. వారానికి రెండు రోజులే కదా ఆడేది. కాకపోతే ఆ రోజు ఏది వస్తే అదే ఆడాల్సి ఉంటుంది. ఆ తర్వాత నెలవారీ తీసుకుని, తనంతట తాను రెన్యూ అయ్యే తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి. మసకలో ఉన్న మనిషి మరిచిపోయే మొదటి విషయం అదే.

వేరే ప్రోగ్రాములతో పోలిస్తే

కాగ్‌మెడ్ వర్కింగ్ మెమొరీ మీద, అంటే విన్నదీ చూసిందీ కాసేపు మనసులో పట్టి ఉంచే శక్తి మీద, నడుస్తుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధనలోంచి వచ్చింది. దాని అసలు పద్ధతి అయిదు వారాల్లో 25 సెషన్లు, పక్కన ఒక కోచ్. కోచ్ ఉండటం మంచిదే, కానీ వారానికి అయిదు రోజుల ఆ వేగం శ్రమ తర్వాత దెబ్బ పడేవాళ్లకి సరిపోదు. డ్యూయల్ ఎన్-బ్యాక్ ఉచితంగా దొరుకుతుంది. వచ్చే చోటునీ వినిపించే అక్షరాన్నీ కలిపి కొన్ని అడుగుల వెనకదాకా గుర్తుపెట్టుకోవాలి. ఇంత తక్కువ సమయంలో మెదడును ఇంతగా అలసగొట్టే ఆట మరోటి లేదు, కోలుకునే దశలో దాన్ని ముట్టుకోవద్దనే చెబుతాం.

రెహాకామ్ దారి వేరు. థెరపిస్టు పర్యవేక్షణలో క్లినిక్‌లో వాడటానికి తయారైన జర్మన్ సాఫ్ట్‌వేర్ అది. వైరస్ నేరుగా మెదడుకి చేరి ఎన్‌సెఫలైటిస్ (మెదడు వాపు) వచ్చినవాళ్లకి, స్కానులో మెదడు దెబ్బతిన్నట్టు కనిపించినవాళ్లకి, ఇంట్లో ఒంటరిగా ఆడే యాప్‌కన్నా అలాంటి ఏర్పాటే తగినది. ఎన్‌సెఫలైటిస్ తర్వాత మూర్ఛలు వచ్చినవాళ్లు మెరుపులతో నడిచే ఏ ఎక్సర్‌సైజూ న్యూరాలజిస్టును అడగకుండా మొదలెట్టకూడదు.

మొదలెట్టేముందు

మసకకి ఆట మందు కాని కారణాలు చాలా ఉంటాయి. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియా, మగత తెచ్చే పాతరకం అలర్జీ మాత్రలు, డిప్రెషన్, తగ్గని నొప్పి. వీటిని డాక్టర్‌తో చూపించుకోకుండా నెలలు ఆటలో గడిపితే నష్టపోయేది సమయం. ఒక్కసారిగా మాట పడిపోవడం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం, మూర్ఛ, ఎన్నడూ లేనంత తలనొప్పి, రోజురోజుకీ వేగంగా దిగజారే మతిమరుపు బ్రెయిన్ ఫాగ్ కావు. వాటికి వెంటనే ఆసుపత్రికే వెళ్లాలి.

ఆటతో సమానంగా, మా లెక్కలో అంతకన్నా ముందుగా, నేర్చుకోవాల్సింది పని చేసే పద్ధతి. పునరావాస నిపుణులు నేర్పే నాలుగు మాటలు ఉన్నాయి: ఆగు, ఏం చేస్తున్నానో పైకి చెప్పుకో, పనిని ముక్కలు చెయ్యి, సరిచూసుకో. ఒక గదిలోకి వెళ్లి ఎందుకొచ్చామో మరిచిపోయినప్పుడు, మెసేజ్ సగంలో ఆగిపోయినప్పుడు ఈ నాలుగూ అక్కడే పనికొస్తాయి. అన్నీ ఒకే నోటుబుక్కులో రాయడం, ఒక సమయంలో ఒకే పని, ఫోన్ మాట్లాడేటప్పుడు తెర మూసేయడం, ఇరవై నిమిషాల పనికి అయిదు నిమిషాల విరామం. వీటికి చందా అక్కర్లేదు, మర్నాడు వడ్డీ కట్టాల్సిన పనీ లేదు.

నిద్ర కుదుటపడి, కనీసం ఆరు వారాలుగా అలసట నిలకడగా ఉండి, ఇంకా ఆలోచన నెమ్మదిగానే ఉందనిపించేవాళ్లు, పైన చెప్పిన డోసుతో పది వారాలు బ్రెయిన్‌హెచ్‌క్యూను ప్రయత్నించి చూడవచ్చు. పజిళ్లు ఇష్టపడేవాళ్లు అదే డోసులో మామూలు పజిళ్లు చేసుకున్నా తక్కువేమీ కాదు, ఆ పెద్ద అధ్యయనం చెప్పింది అదే కదా. కొద్దిపాటి శ్రమకే రోజుల తరబడి మంచం పట్టేవాళ్లకి మాత్రం ఇప్పుడు వద్దు. వాళ్ల దగ్గర ఉన్న ఆ అయిదు నిమిషాల శక్తి, తమకి కావలసిన మనిషితో మాట్లాడుకోవడానికి మిగలాలి.